కలకత్తా క్లబ్ వదిలేసిన 34 ఏళ్ల మిడ్‌ఫీల్డర్‌ని మనం తీసుకోవాలా?

గంటస్తంభం_కుర్రోడు
నిన్న మన ఫుట్‌బాల్ క్లబ్ కమిటీ మీటింగ్ రాత్రి పదకొండున్నర దాకా సాగింది. తేలింది ఒక్కటే, టీ బిల్లు. అందుకే ఇక్కడ పెడుతున్నాను, ఆదివారం లోపు ఎవరేమనుకుంటున్నారో చెప్పండి.

విషయం చాలామందికి తెలిసే ఉంటుంది. బొబ్బిలి వైపు నుంచి కుర్రతనంలోనే కలకత్తా వెళ్లిపోయి అక్కడే పన్నెండు సీజన్లు ఆడిన మిడ్‌ఫీల్డర్ (పేరు వద్దు, ఆయనింకా సరే అనలేదు) ఇంటికొచ్చేశాడు. అక్కడి క్లబ్ ఈ ఏడాది కాంట్రాక్ట్ పొడిగించలేదు. వయసు 34. రెండేళ్ల కిందట ఎడమ మోకాలికి ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) ఆపరేషన్ అయింది. విజయనగరంలో ఉండి మనకి ఆడతానంటున్నాడు. అడిగింది నెలకి 18,000 చొప్పున మూడు నెలలు, ఉండటానికి ఒక గది.

మనకి సీజన్ మొత్తానికి ఉన్నది 2,40,000. బస్సు, రిఫరీ ఫీజులు, బంతులు, జెర్సీలు, అరటిపళ్లు, ఐసు, అన్నీ అందులోనే. ఇటు చూస్తే పోయినేడాది మూడు మ్యాచ్‌లు 75వ నిమిషం దాకా మనమే ముందున్నాం, మూడూ ఓడిపోయాం. మూడూ నేను గీత పక్కన నిలబడి చూశాను. బంతి దొరికితే చాలు, మనవాళ్లు కంగారుపడి గాల్లోకి కొట్టేస్తారు, అది తిరిగి మన మీదకే వస్తుంది. మధ్యలో బంతిని కాలికింద పెట్టుకుని ఆగండ్రా అనేవాడు ఒక్కడు లేడు. నాకైతే తీసుకోవాలనే ఉంది. కానీ డబ్బు నాది కాదు కదా.

బెంచ్_మీదే_ఉంటా
తీసుకోండి. నా ప్లేస్‌కి ఎలాగూ ఢోకా లేదు.

ఎడమకాలు_11
నేను వద్దంటాను. పాలిచ్చే గేదెని ఎవడూ సంతకి తోలడు. అంత బాగా ఆడేవాడైతే వాళ్లెందుకు వదులుకుంటారు?

ఖరగ్‌పూర్_రిటర్న్
ఎడమకాలు, ఇక్కడే పొరపాటు పడుతున్నావు. నేను ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగాను, నాన్న రైల్వే, మా వీధిలో సగం ఇళ్లు శ్రీకాకుళం, విజయనగరం వాళ్లవే. కలకత్తా ఫుట్‌బాల్ అంటే మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఒక్కటే కాదు, కింద డివిజన్లు బోలెడు. అక్కడ ఏటా వర్షాకాలం వచ్చేసరికి సగం టీమ్ మారిపోతుంది. ఒక ఏడాది అగ్రిమెంట్, అది అయిపోతే బ్యాగ్ సర్దుకోవడమే. దాన్ని రిలీజ్ అంటారు. బడిలో డిబార్ చేసినట్టు కాదు.

ఇంకోటి, కలకత్తా లీగ్‌లో ఈమధ్య సొంత రాష్ట్రం కుర్రాళ్లు మైదానంలో కనీసం ఇంతమంది ఉండి తీరాలని రూల్ పెట్టారు. మంచిదే, వాళ్ల పిల్లలకి అవకాశం రావాలి. కానీ ఆ దెబ్బకి మొదట పోయేది ఎవరు? బయట రాష్ట్రం నుంచి వచ్చి, ముప్పై దాటి, మోకాలికి కుట్లున్నవాడు. ఆట పోయిందనే తీసేశారని మనమెందుకు అనుకోవాలి.

ఎడమకాలు_11
మరి కలకత్తాలో కాకపోతే ఇంకెక్కడా ఎవరూ పిలవలేదెందుకు? గోవా ఉంది, కేరళ ఉంది.

ఖరగ్‌పూర్_రిటర్న్
34 ఏళ్లకి, పెళ్లాం పిల్లలతో, నెలకి పాతికవేలకి కేరళ వెళ్తావా నువ్వు?

ఎడమకాలు_11
నన్ను బొబ్బిలి వాళ్లు కూడా పిలవరు, ఆ సంగతి వదిలెయ్.

లెక్కల_మాస్టారు
కొంచెం లెక్క వేద్దాం. 18,000 మూడుసార్లు 54,000. గది నెలకి 4,000 అనుకున్నా 12,000. మొత్తం 66,000, అంటే మన బడ్జెట్‌లో 27.5 శాతం. తొమ్మిది మ్యాచ్‌లు ఆడాడనుకుంటే మ్యాచ్‌కి 7,333. రెండు మ్యాచ్‌లకి మోకాలు వాస్తే మ్యాచ్‌కి ఎంత పడుతుందో మీరే లెక్కేసుకోండి. ఆ డబ్బుతో ఒక్కోటి 1,200 పెట్టి 55 బంతులు కొనొచ్చు. ఇప్పుడు మన దగ్గరున్నవి ఏడు, అందులో రెండు కోడిగుడ్డు ఆకారంలో ఉన్నాయి.

బెంచ్_మీదే_ఉంటా
55 బంతులు ఉంటే 55 బంతులూ గాల్లోకే కొడతాం మాస్టారూ.

పలాస_జీడిపప్పు
😂😂 ఆ మాట కరెక్ట్

యువెంటస్_ఆముదాలవలస
ఫ్రీగా వచ్చిన మిడ్‌ఫీల్డర్ అనగానే నాకు గుర్తొచ్చేది ఇటలీ ఆటగాడు పిర్లో. 2011లో అక్కడి మిలాన్ క్లబ్ ఇక చాలనుకుంది, 32 ఏళ్లు, అక్కడిదే ఇంకో క్లబ్ యువెంటస్ ఒక్క రూపాయి ట్రాన్స్‌ఫర్ ఫీజు కట్టకుండా తెచ్చుకుంది. ఆ సీజన్ లీగ్‌లో యువెంటస్ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. వరసగా నాలుగు టైటిల్స్. మధ్యలో 2012 యూరోలో ఇంగ్లండ్ మీద షూటౌట్‌లో పెనాల్టీని గోలీ జో హార్ట్ మీదుగా అలా మెల్లగా తేల్చి వేశాడు చూడండి, అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం, రాత్రి మూడు కావస్తుండగా అరిస్తే పక్కింటాయన దొంగలొచ్చారనుకుని కర్రతో వచ్చాడు. మిలాన్ వాళ్లు ఇప్పటికీ బాధపడుతుంటారు. మొన్న 2025లో అదే మిలాన్ రియల్ మాడ్రిడ్ వదిలిన మోడ్రిచ్‌ని 39 ఏళ్ల వయసులో తెచ్చుకుందంటే బుద్ధి వచ్చినట్టే.

ఎడమకాలు_11
నీ యువెంటసే 2019లో ఆర్సెనల్ నుంచి రామ్సీని కూడా ఫ్రీగానే తెచ్చుకుంది. ఏమైంది? ఫీజు లేదు కదా అని జీతం ఆకాశానికి పెంచారు, ఆయన ఆడినదానికన్నా ఫిజియో బల్ల మీద పడుకున్నదే ఎక్కువ, 2022లో ఒప్పందం రద్దు చేసుకుని పంపించారు. ఆ మధ్యలో స్కాట్లండ్ క్లబ్ రేంజర్స్‌కి లోన్ ఇస్తే యూరోపా లీగ్ ఫైనల్ షూటౌట్‌లో ఆయన పెనాల్టీయే మిస్సయింది. అప్పటికింకా 31. పిర్లో ఒక్కడు. రామ్సీలు ఊరికొకడు.

యువెంటస్_ఆముదాలవలస
రామ్సీ గురించి ఎత్తకు బావా, ఇంకా మానలేదు.

రిటైర్డ్_గోలీ
పిర్లో, మోడ్రిచ్ మనకి పోలిక కాదు. మనకి దగ్గరగా ఉన్నది ఇంగ్లండ్ క్లబ్ లెస్టర్. 2014లో ఇటలీ క్లబ్ ఇంటర్ వదిలేసిన మిడ్‌ఫీల్డర్ కాంబియాసోని 34 ఏళ్లకి తెచ్చుకున్నారు. ఆ సీజన్‌లో నెలల తరబడి అట్టడుగున ఉన్నారు, అందరూ పోయారనే అనుకున్నారు. చివరి తొమ్మిది మ్యాచ్‌లలో ఏడు గెలిచి 14వ స్థానంలో తేలారు. క్లబ్ ఆ ఏడాది ఉత్తమ ఆటగాడి బహుమతి కాంబియాసోకే ఇచ్చింది. పరిగెత్తి కాదు, నిలబడాల్సిన చోట నిలబడి. గోల్‌పోస్ట్ మధ్యలో నిలబడి 14 ఏళ్లు చూసినవాడిగా చెప్తున్నాను, ముందు ఒకడు మెదడు పెట్టి ఆడుతుంటే గోలీకి సగం పని ఉండదు. పోయినేడాది మన గోలీకి ఎంత పనుందో మీరే చూశారు.

పలాస_జీడిపప్పు
కాంబియాసో మరుసటేడాది లెస్టర్‌లో ఉండను అని గ్రీస్ వెళ్లిపోయాడు. అలా వెళ్లిన ఏడాదే లెస్టర్ ఏకంగా ఛాంపియన్ అయింది. కాబట్టి నా సలహా ఏంటంటే తీసుకుని, ఒక ఏడాది ఉంచుకుని, పంపించేయండి. కప్పు మనదే.

లెక్కల_మాస్టారు
ఆ ఏడాది ఆ చోటుకి కాంటే అనే కుర్రాడు వచ్చాడు. అది మర్చిపోతే ఎలా.

చీపురుపల్లి_చిన్నోడు
మాస్టారు చెప్పింది పట్టుకుంటా. మన దగ్గరున్న కాంటే సంగతి ఎవరూ మాట్లాడటంలేదేటి? నెల్లిమర్ల గుంటడు, 17 ఏళ్లు, అదే పొజిషన్. పొద్దున్నే ఐదింటికి సైకిల్ మీద ప్రాక్టీస్‌కి వస్తాడు. పోయినేడాది ఆరు మ్యాచ్‌లు మొదటినుంచి ఆడాడు. పెద్దాయన వస్తే వాడు ఎక్కడ ఆడాలి? బెంచ్ మీద కూర్చోబెడితే రెండు నెలల్లో మానేసి ఏ పెట్రోల్ బంకులోనో చేరతాడు, నేను అలాగే మానేశాను. నాకు 19 ఏళ్లప్పుడు వేరే క్లబ్ వాళ్లు ఇలాగే బయట్నుంచి ఒకర్ని తెచ్చారు. నాకేమీ చెప్పలేదు కూడా. మ్యాచ్‌కి గంట ముందు లిస్టు చదివితే అందులో నా పేరు లేదు, అప్పటికే స్టాకింగ్స్ వేసుకుని కూర్చున్నాను.

గంటస్తంభం_కుర్రోడు
ఆ మాట మీటింగ్‌లో కూడా వచ్చింది చిన్నోడూ. ఐదు సబ్‌స్టిట్యూషన్లు ఉన్నాయి కదా ఇద్దరినీ ఆడిద్దాం అన్నారు. కానీ చెప్పినంత తేలిక కాదని నాకూ తెలుసు.

పీఈటీ_రిటైర్డ్
చిన్నోడు చెప్పినదాంట్లో న్యాయం ఉంది. ఆ కుర్రాడు మా స్కూల్లోనే చదివాడు. ఊపిరితిత్తులు గుర్రానివి. కానీ ఒక లోపం ఉంది, బంతి వచ్చేటప్పుడు బంతినే చూస్తాడు. వెనక ఎవరున్నారో బంతి కాలికి తగిలాకే తెలుసుకుంటాడు. అప్పటికి ఆలస్యం. అది ఒకళ్లు పక్కన ఉండి నేర్పాల్సింది, నేను విజిల్ ఊది చెప్తే రాలేదు.

పూసపాటి_వీధి
పేరున్నవాడిని నెత్తిన పెట్టుకుంటే ఏమవుతుందో విజయనగరానికి వేరే ఊరివాళ్లు చెప్పాలా? 1936లో మన రాజకుటుంబం విజ్జీ గారు టీమిండియా కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్లి, బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ని మధ్యలోనే ఇంటికి పంపించేశారు. స్టేడియానికి ఆయన పేరే పెట్టుకున్నాం.

రిటైర్డ్_గోలీ
క్రికెట్ ఎందుకు దూరింది మధ్యలో

పూసపాటి_వీధి
ఈ ఊళ్లో ఏ మాట మొదలెట్టినా చివరికి కోటకే వస్తుంది, అలవాటైపోయింది.

మోకాలు_చిప్ప
నా పేరు చూశారుగా, ఈ టాపిక్‌లో నేను మాట్లాడకపోతే ఎలా. 2016లో శ్రీకాకుళంలో కాలేజీల టోర్నీ, కోడి రామ్మూర్తి స్టేడియం, నా కాలు నేలలో ఉండిపోయింది, ఒళ్లు మాత్రం తిరిగింది. టప్ మని శబ్దం నాకే కాదు, నన్ను మార్క్ చేస్తున్నవాడికి కూడా వినిపించింది, వాడు భయపడి రిఫరీని పిలిచాడు. విశాఖలో ఆపరేషన్ చేయించుకున్నాను. ఆపరేషన్ చేసినవాళ్లు ఆరు వారాల్లో నడుస్తావన్నారు, నడిచాను. కానీ నడవడం వేరు, ఆడటం వేరు. ఫిజియోథెరపీ తొమ్మిది నెలలు గట్టిగా చేయాలని ఎవరూ నాకు అర్థమయ్యేలా చెప్పలేదు, నేను మూడో నెలలో మానేశాను. నొప్పి తగ్గింది కానీ భయం తగ్గలేదు, ఎడమవైపు తిరగాలంటే ఇప్పటికీ ముందు కాలు అడుగుతుంది నిజంగానేనా అని.

కాబట్టి వయసు అడగొద్దు, కాలు చూడండి. రెండు పనులు చేయండి. టైలర్ దగ్గర టేపు తీసుకుని మోకాలికి పై భాగంలో రెండు తొడలూ ఒకే ఎత్తులో కొలవండి. ఆపరేషన్ అయిన కాలు బాగా సన్నగా ఉంటే కండ ఇంకా రాలేదన్నమాట. రెండోది, ఒంటికాలి మీద వరసగా మూడు గెంతులు వేయించి దూరం కొలవండి, ఒక్కో కాలికి. బాగున్న కాలితో పోలిస్తే రెండోది 90 శాతం దాటాలి. ఫిజియోలు కూడా చూసేది అదే. ఆయన చేయను అంటే అదే జవాబు.

లెక్కల_మాస్టారు
ఇది నచ్చింది. కొలవదగ్గ విషయం ఇప్పటికి ఒకటి చెప్పారు.

పలాస_జీడిపప్పు
పెద్దవయసు వాళ్లని తెచ్చుకోవడంలో మనదేశమే ముందు. 2014లో మొదటి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గుర్తుందా? 40 దాటిన పిరెస్ గోవాకి, డెల్ పియెరో ఢిల్లీకి, లుంగ్‌బెర్గ్ ముంబైకి. సగంమంది సెల్ఫీలకే వచ్చారు అనుకున్నాం. కానీ చెన్నైయిన్‌కి వచ్చిన ఎలానో మిడ్‌ఫీల్డర్ అయ్యుండి 8 గోల్స్‌తో టాప్ స్కోరర్ అయ్యాడు, లూయిస్ గార్సియా ఉన్న అట్లెటికో డి కోల్‌కతా కప్పు కొట్టింది. ఇంకా చెప్పాలంటే మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఛాంపియన్ అయిన సీజన్‌లో 18 గోల్స్ కొట్టిన ఒగ్బెచేకి 37 ఏళ్లు. వీళ్లందర్నీ చూశాక 34 అంటే నాకు కుర్రాడిలా కనిపిస్తున్నాడు.

పూసపాటి_వీధి
ఆ హైదరాబాద్ ఎఫ్‌సీ ఇప్పుడు ఢిల్లీ వెళ్లిపోయింది. గాయం మీద కారం చల్లకండి.

ఎడమకాలు_11
వాళ్లకి ఐస్ బాత్ ఉంది, మసాజ్ ఉంది, పచ్చని గడ్డి ఉంది. మనది ఎర్రమట్టి. పోయిన నెల మన గ్రౌండ్‌లో ఏదో ఎగ్జిబిషన్ వేసి పోయారు, టెంట్ గుంజలు పీకిన గోతులు ఇంకా పూడ్చలేదు. మొన్న వార్మప్‌లో నా స్టడ్స్‌కి ఒక మేకు తగులుకుంది. ఆపరేషన్ అయిన మోకాలిని ఆ నేల మీద తిప్పమంటారా? ఆయన మీద కోపం కాదు నాది, ఆయన మంచి కోసమే వద్దంటున్నా.

చీపురుపల్లి_చిన్నోడు
ఇందాక ఆయన సంతలో గేదె, ఇప్పుడు ఆయన మంచి కోసమా 😀

ఎడమకాలు_11
మనిషి అన్నాక రెండు వాదనలు ఉంటాయి.

రిటైర్డ్_గోలీ
ముప్పై తొమ్మిదేళ్లప్పటి మిల్నర్‌ని చూడు. లివర్‌పూల్‌లో ఒప్పందం అయిపోయాక 2023లో బ్రైటన్ ఫ్రీగా తీసుకుంది. 2024-25 దాదాపు మొత్తం గాయంతో పోయింది, డబ్బు దండగ అని అందరూ అన్నారు. 2025 ఆగస్టులో మాంచెస్టర్ సిటీ మీద గోల్ కొట్టాడు. ప్రీమియర్ లీగ్‌లో అంతకన్నా పెద్దవయసులో గోల్ కొట్టింది టెడ్డీ షెరింగామ్ ఒక్కడే.

ఎడమకాలు_11
పెనాల్టీ అది.

రిటైర్డ్_గోలీ
పెనాల్టీ అయితే గోల్ కాదేటి? నేను గోలీని, నాకు తెలుసు.

మాజీ_వింగర్
ఇంతసేపు చదివాను, ఇక ఆగలేక రాస్తున్నా. ఎచ్చెర్లలో చదివేటప్పుడు అమ్మాయిల టీమ్‌కి ఆడాను, మాకు కోచ్ అంటే హాజరు పట్టీ పట్టుకుని నీడలో కూర్చునే మనిషి. మీ క్లబ్‌లో ఇప్పుడు 14 మంది అమ్మాయిలు సాయంత్రాలు వస్తున్నారు, నేనే చూసుకుంటున్నాను, నాకు ఉద్యోగం ఉండి వారానికి రెండు రోజులకన్నా కుదరడం లేదు. ఆయనకి ఇచ్చే 18,000 తొమ్మిది మ్యాచ్‌ల కోసమే అనుకుంటే లెక్కల మాస్టారు చెప్పినట్టు ఖరీదే. అదే వారానికి మూడు సాయంత్రాలు పిల్లలకి, ఆ నెల్లిమర్ల బాబుకి నేర్పడం కూడా అందులోనే ఉంటే? మోకాలు వాచిన వారం కూడా నోరు పనిచేస్తుంది కదా.

లెక్కల_మాస్టారు
అలా అయితే నా లెక్క మారుతుంది. ఒప్పుకుంటున్నాను. కానీ కాగితం మీద రాయించండి.

ఖరగ్‌పూర్_రిటర్న్
మేడమ్ చెప్పింది బాగుంది కానీ అందరూ నేర్పలేరు. కలకత్తాలో గొప్పగా ఆడినవాళ్లని చూశాను, కుర్రాడికి ఒక్క ముక్క చెప్పమంటే ఇలా చెయ్ అని చేసి చూపిస్తారు, ఎందుకో చెప్పలేరు. అదొకటి చూసుకోండి. ఇంకొకటి, ఏఐఎఫ్‌ఎఫ్ (దేశ ఫుట్‌బాల్ సమాఖ్య) రిజిస్ట్రేషన్ సిస్టమ్‌లో పాత క్లబ్ కింద పేరు ఇంకా ఉందేమో చూడండి. ఉంటే తర్వాత పెద్ద టోర్నీలకి ఇబ్బంది. ఎన్ఓసీ (అభ్యంతరం లేదని పాత క్లబ్ ఇచ్చే కాగితం) ఇప్పుడే అడిగి పెట్టుకోమనండి, ఆర్నెల్లు పోతే అక్కడ ఫోన్ ఎత్తేవాడుండడు.

బెంచ్_మీదే_ఉంటా
ట్రాన్స్‌ఫర్ విండో అయిపోలేదా?

ఖరగ్‌పూర్_రిటర్న్
విండో మూసేలోపే కాంట్రాక్ట్ అయిపోయినవాడికి ఆ ఇబ్బంది లేదు, ఫిఫా రూల్‌లోనే ఆ వెసులుబాటు ఉంది. ఇక కాంట్రాక్ట్ అయిపోయాక పాత క్లబ్ డబ్బు అడగకూడదన్నది 1995లో బోస్మాన్ అనే బెల్జియం ఆటగాడు కోర్టుకెక్కి సాధించింది. పాపం ఆయన కూడా మిడ్‌ఫీల్డరే. గెలిచింది ఆయన, బాగుపడింది మిగతా అందరూ.

పీఈటీ_రిటైర్డ్
ఈరోజు పొద్దున్న విజ్జీ గ్రౌండ్‌కి ఆయన వచ్చాడు. నేను పిలవలేదు, తనే వచ్చి గేటు దగ్గర బండి పెట్టి చూస్తూ నిలబడ్డాడు. ఒక్కడు తక్కువున్నాడు, ఆడతావా అన్నాను. షూస్ బండి డిక్కీలోనే ఉన్నాయి. కాబట్టి అడుగుతామని తెలిసే వచ్చాడనుకోండి.

నలభై నిమిషాలు ఆడాడు. పరుగు సంగతి దాచను, నెమ్మదే. మన వింగ్ హాఫ్ ఒకసారి పక్కనుంచి దూసుకుపోతే వెంటపడలేదు, చూస్తూ ఉండిపోయాడు. మొదటి పది నిమిషాలు నాకూ పెదవి విరిచేలానే ఉంది.

తర్వాత నేను బంతిని చూడటం మానేసి ఆయన్నే చూశాను. బంతి మన డిఫెండర్ దగ్గర ఉంటుంది, ఈయన దాని వైపు చూడడు. కుడి భుజం మీదుగా వెనక్కి ఒకసారి, ఎడమ భుజం మీదుగా ఒకసారి, మళ్లీ కుడి. పిల్లి గోడ మీద నడుస్తూ చూసినట్టు. పాస్ బయల్దేరాక ఒక్కసారి బంతిని చూస్తాడు, అంతే. కాలితో ఆపడు. ఒళ్లు సగం పక్కకి తిప్పి బంతిని తన ముందునుంచి దొర్లనిచ్చి అవతలి కాలితో తీసుకుంటాడు, అప్పటికే మొహం మన గోల్ వైపు కాదు, వాళ్ల గోల్ వైపు ఉంటుంది. వెనక నుంచి వచ్చినవాడు గాలిని తన్ని పోతాడు. ఇది మూడుసార్లు జరిగింది. మూడోసారి ఆ తన్నబోయినవాడు నెల్లిమర్ల కుర్రాడే. లేచి మట్టి దులుపుకుని నవ్వాడు.

ఇంకో సంగతి, ఆయన మనవాళ్లకి అరిచి చెప్తున్నాడు, 'పెఛొనే, పెఛొనే' అని. ఒక్కడికీ అర్థం కాలేదు.

ఖరగ్‌పూర్_రిటర్న్
హహ్హహ్హ. బెంగాలీలో వెనక ఉన్నాడు అని. పన్నెండేళ్ల అలవాటు కదా, కంగారులో అదే వస్తుంది.

బెంచ్_మీదే_ఉంటా
నాకు పేచీనే అని వినపడింది, నాతో గొడవేంటి అనుకున్నా

మోకాలు_చిప్ప
మాస్టారూ, గెంతులు వేయించారా లేదా?

పీఈటీ_రిటైర్డ్
వేయించాను. నేను అడిగేలోపే ఆయనే వేశాడు, కలకత్తాలో ఫిజియో నేర్పాడట. కుడికాలితో మూడు గెంతులకి 5 మీటర్ల 10 సెంటీమీటర్లు, ఎడమకాలితో 4 మీటర్ల 80. తొడ తేడా సెంటీమీటరుంటుంది.

లెక్కల_మాస్టారు
94 శాతం.

మోకాలు_చిప్ప
నాకు 70 దాటలేదు ఎప్పుడూ. బాగుంది. అయినా వరసగా రెండు రోజులు మ్యాచ్ ఆడించకండి. సంక్రాంతి టోర్నీల్లో పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి పెడతారు, అందులో అసలు దించొద్దు.

పూసపాటి_వీధి
మోకాలి మీద అనుమానం ఉంటే వెనక స్టాపర్‌గా ఆడించండి. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తల పగిలి కుట్లు పడితే మన హైదరాబాద్ రహీం గారు ఆయన్ని ఏకంగా ముందుకి పంపించారు, ఫైనల్లో కొరియా మీద గోల్ కొట్టాడు, స్వర్ణం వచ్చింది. మనిషి పనికొస్తాడనుకుంటే చోటు దొరుకుతుంది. ఈసారి క్రికెట్ కాదు, గమనించగలరు.

ఎడమకాలు_11
ఇంతమంది చెప్పినా నేను వద్దనే అంటాను. 40 నిమిషాలు బాగున్నాడు సరే. పక్కనుంచి వెళ్లినవాడి వెంట పడలేదని మాస్టారే రాశారు. ఆ పరుగు ఎవరు పెట్టాలి? నేను. లెఫ్ట్‌లో నాకే రెండు ఊపిరితిత్తులు ఎక్కువున్నట్టు అందరూ నా మీదే తోస్తారు. ఆయన మెదడుతో ఆడతాడు, నేను కాళ్లతో చస్తాను. ఇది ఎవరూ లెక్కలో వేయలేదు.

రిటైర్డ్_గోలీ
ఈ మాట మొదటే చెప్పుంటే గేదె దగ్గర్నుంచి రామ్సీ దాకా ఇంత తిరిగేవాళ్లం కాదు కదరా. ఇది సరైన అభ్యంతరం. ఆయన పక్కన పరిగెత్తేవాడు ఇంకొకడు ఉండాలి. అంటే నెల్లిమర్ల కుర్రాడు ఆయన బదులు కాదు, ఆయన పక్కన.

చీపురుపల్లి_చిన్నోడు
అలా రాసి ఇస్తే నేను నోరు మూసుకుంటా. కానీ వాడితో ముందు ఒకళ్లు మాట్లాడండి. గ్రూప్‌లో మెసేజ్ పెట్టడం కాదు, పిలిచి మాట్లాడండి.

గంటస్తంభం_కుర్రోడు
అందరికీ అప్‌డేట్. నిన్న సాయంత్రం ఆయన్ని, పీఈటీ మాస్టార్ని ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర టిఫిన్ సెంటర్‌లో కూర్చోబెట్టి మాట్లాడాం. మాజీ వింగర్ గారు చెప్పింది చెప్పాను, వారానికి మూడు సాయంత్రాలు నేర్పడానికి ఒప్పుకున్నాడు, అమ్మాయిల బ్యాచ్ కూడా. జీతం 15,000కి దిగాడు, గది వద్దన్నాడు, బాబామెట్టలో వాళ్ల అక్క ఇల్లుందట. మొదట్నుంచి ఆ సంగతి ఎందుకు చెప్పలేదని అడగలేదు, అడగాలనిపించింది.

లెక్కల_మాస్టారు
45,000. 18.75 శాతం. మిగిలిన దాంట్లో పది బంతులు కొనండి, ప్లీజ్.

గంటస్తంభం_కుర్రోడు
కొంటాం మాస్టారూ. ఇంకా వినండి. తొంభై నిమిషాలు ఆడించొద్దని తనే అన్నాడు. గంట దాటాక మైదానంలోకి దించితే చాలు, మీరు ఓడిపోతున్నది అక్కడే కదా అన్నాడు. మన స్కోర్లు మనకన్నా ఆయనకే బాగా తెలుసు. చిన్నోడూ, ఈరోజు పొద్దున్న నేనూ మాస్టారూ నెల్లిమర్ల వెళ్లి కుర్రాడి ఇంట్లో మాట్లాడాం. వాళ్ల నాన్న ఏమీ అనలేదు. వాడు ఒక్కటే అడిగాడు, 8వ నంబర్ జెర్సీ తీసేసుకుంటారా అని.

చీపురుపల్లి_చిన్నోడు
ఏం చెప్పారు?

గంటస్తంభం_కుర్రోడు
నీదే అని చెప్పా. కలకత్తాలో ఆయనదీ 8 అంట, ఆ సంగతి ఇంకా ఆయనకి చెప్పలేదు.

ఎడమకాలు_11
నా ఓటు ఇప్పటికీ వద్దనే. ప్రాక్టీస్ ఎన్నింటికి?

గంటస్తంభం_కుర్రోడు
ఐదున్నరకి. వచ్చేటప్పుడు పంపు సూది తీసుకురా, నా దగ్గరది విరిగింది. నంబర్లలో 2, 19 మాత్రమే మిగిలాయి, జెర్సీల మీద ప్రింట్ వేసేవాడు రేపు మధ్యాహ్నం దాకానే ఉంటాడు, ఆయన్ని ఏది కావాలో ఎవరైనా కనుక్కోండి. నేను అడగను.